పోస్టుకార్డు కెక్కని వేడినీటి ఊట – తాతాపానీ

పాత చిత్రాల పోస్టుకార్డులను సేకరించేవారి ఆల్బములలో వేడినీటి ఊటల పట్టణాలకు ఒక ప్రత్యేక స్థానం ఉన్నది. 1900 ప్రాంతంలో ఐరోపా సంపన్నులు కీళ్లనొప్పులకూ, జీర్ణకోశ వ్యాధులకూ ఈ పట్టణాలకు వెళ్లి వారాల తరబడి ఉండేవారు. తీరిక ఎక్కువ, తపాలా ఖర్చు తక్కువ. అందుచేత అక్కడి నుంచి బయలుదేరిన కార్డులకు లెక్కలేదు. మొదట్లో కార్డు వెనుకవైపు చిరునామా మాత్రమే వ్రాయాలన్న నిబంధన ఉండేది. క్షేమసమాచారమంతా బొమ్మ పక్కనున్న ఖాళీలో ఇరికించేవారు. 1902లో బ్రిటన్, 1905లో జర్మనీ ఆ వెనుకభాగాన్ని రెండుగా విభజించిన తరువాత గాని బొమ్మకు పూర్తి చోటు దక్కలేదు.

ఆ కార్డులలో ఏముంటుంది? నేటి చెక్ దేశంలోని కార్ల్స్‌బాద్ కార్డుపై 1881లో పూర్తయిన స్తంభాల మండపం ఉంటుంది. జర్మనీలోని బాడెన్-బాడెన్ కార్డుపై 1877లో తెరచిన ఫ్రీడ్రిఖ్స్‌బాద్ స్నానశాల ఉంటుంది. అమెరికాలోని హాట్ స్ప్రింగ్స్ పట్టణపు కార్డులపై ఒకే వీధిలో బారులు తీరిన స్నానశాలలు, పెద్ద హోటళ్లు దర్శనమిస్తాయి. చిత్రమేమిటంటే, ఏ నీటి కోసం అంతమంది వచ్చారో ఆ నీరు మాత్రం చాలా కార్డులలో కనిపించదు. కనిపించేది దానిపై లేచిన భవనమే.

మన దేశంలో వేడినీటి ఊటలకు కొదవ లేదు. 1882లోనే భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వారు థామస్ ఓల్డ్‌హామ్ సేకరించిన సుమారు 300 ఊటల పట్టికను ప్రకటించారు. అయితే మనవారు ఊట పక్కన హోటలు కట్టలేదు, గుడి కట్టారు. బీహారులోని రాజ్‌గిర్, హిమాచల్‌లోని మణికరణ్, బెంగాల్‌లోని బక్రేశ్వర్ ఇందుకు నిదర్శనాలు. మన భద్రాచలానికి సమీపంలోని గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీరు ఊరుతుంది. అక్కడ భవనమూ అక్కరలేదు, చేతితో తీసిన గుంత చాలు.

రాయ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇటువంటి ఊటను చూడాలన్న కోరిక కలిగితే అందుకు ఛత్తీస్‌గఢ్‌లోనే తాతాపానీ ఉన్నది. పేరు విని తాతయ్యను తలచుకోనక్కరలేదు. స్థానిక భాషలో ‘తాతా’ అంటే వేడి. రాత్రి రాయ్‌పూర్‌లో దుర్గ్-అంబికాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఉదయానికి అంబికాపూర్ చేరవచ్చును. అక్కడి నుంచి రామానుజ్‌గంజ్ వెళ్లే రోడ్డుపై బలరాంపూర్ దాటి సుమారు 12 కిలోమీటర్లు ప్రయాణించాలి. ఒకప్పుడు సర్గుజా జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం 2012లో ప్రత్యేక జిల్లా అయినది.

ఇక్కడ నీరు కుండాల నుండి ఆవిరులు చిమ్ముతూ వెలువడుతుంది. గాలిలో గంధకపు వాసన తెలుస్తుంది. బియ్యం, బంగాళాదుంపలు మూటకట్టి ఆ నీటిలో ఉడికించడం సందర్శకులకు ఒక వేడుక. వనవాస కాలంలో శ్రీరాముడు పరిహాసానికి విసిరిన చిన్నరాయి సీతమ్మ చేతిలోని వేడినూనె గిన్నెకు తగిలిందనీ, చుక్కలు పడిన చోటల్లా వేడినీరు పుట్టిందనీ ఇక్కడివారు చెబుతారు. మకర సంక్రాంతికి పెద్ద జాతర జరుగుతుంది. ఈ నీటి స్నానంతో చర్మవ్యాధులు నయమవుతాయన్న నమ్మకంతో దూర ప్రాంతాల నుండి జనం వస్తారు.

శాస్త్రజ్ఞులు చెప్పే కథ వేరు. నర్మదా-సోన్ నదుల వెంబడి భూమి పొరలలో పొడవైన పగుళ్లున్నవి. వాననీరు ఆ పగుళ్లలో లోతుకు దిగి, వేడెక్కి, మరొక దారిన పైకి వస్తుంది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ఇక్కడ 350 మీటర్ల లోతు వరకు బావులు తొలచగా 100 డిగ్రీల సెంటీగ్రేడుకు మించిన వేడిగల నీరు లభించింది. ఈ వేడితో విద్యుత్తు తీయాలన్న ఆలోచన చాలాకాలంగా ఉన్నది. ఈ ప్రాంతంలో తాతాపానీ-రామ్‌కోలా అని పిలిచే బొగ్గు క్షేత్రం కూడా ఉన్నది. పవిత్రస్నానం, విద్యుత్తు, బొగ్గు – మూడు ఆశలూ ఒకే సీమపై నిలిచినవి.

ఇక్కడ పాత కార్డులలోని మరొక పట్టణాన్ని తలచుకోవాలి. బొహీమియాలోని టెప్లిట్జ్ ఒకప్పుడు సుప్రసిద్ధ ఆరోగ్యస్థలం. 1812లో గేథే, బేతోవెన్ కలుసుకున్నది అక్కడే. 1879 ఫిబ్రవరి 10న సమీపంలోని బొగ్గుగనిలోకి భూగర్భజలం పెల్లుబికి ఇరవై మందికి పైగా కార్మికులు మరణించారు. మరికొద్ది రోజులలో పట్టణంలోని శతాబ్దాల నాటి ఊట ఎండిపోయింది. గనికీ ఊటకూ మధ్య కిలోమీటర్ల దూరమున్నా లోపలి నీరు ఒక్కటే. తరువాత ఊట ఉన్న చోటనే లోతుగా తవ్వి నీటిని అందుకుని పైకి తోడవలసి వచ్చింది. ఆ తరువాతి కాలపు కార్డులలో టెప్లిట్జ్ స్నానశాలలు యథాప్రకారం అందంగానే ఉన్నవి. తనంతట తాను పొంగవలసిన నీటిని తోడుతున్నారన్న సంగతి బొమ్మను చూస్తే తెలియదు. మన దేశంలో తొలి పోస్టుకార్డు వెలువడినది కూడా ఆ 1879లోనే, జూలై 1న.

బొగ్గుకూ వేడినీటికీ ఎప్పుడూ వైరమేనని దీని అర్థం కాదు. మణుగూరు ప్రాంతంలోని పగిడేరులో బొగ్గు అన్వేషణకు వేసిన బోరుల నుండి వేడినీరు పొంగింది. ఆ వేడితోనే సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది. లోపలి నీటి దారులను ముందుగా తెలుసుకొని పని మొదలుపెట్టడమే ముఖ్యం. టెప్లిట్జ్‌లో ఆ జాగ్రత్త ఊట ఎండిన తరువాత వచ్చింది. తాతాపానీకి ఇంకా వ్యవధి ఉన్నది.

వెళ్లదలచినవారికి రెండు మాటలు. శీతకాలం అనుకూలమైన సమయం. జాతర రద్దీ వద్దనుకునేవారు సంక్రాంతి రోజులు తప్పించుకోవాలి. పిల్లలను కుండాల అంచుకు పోనీయరాదు. ఆ నీరు చర్మాన్ని కాల్చగలదు. వీలైతే తపాలా కార్యాలయంలో ఒక మామూలు కార్డు కొని, చూసిన విశేషాలు నాలుగు పంక్తులలో వ్రాసి ఇంటికి పంపండి. బొమ్మ లేకపోయినా ఫరవాలేదు. భవనం గురించి కాక నీటి గురించి వ్రాసిన కార్డు అవుతుంది.