పసుపుకు రంగెందుకు?

పైన పటారం, లోన లొటారం అని మనవాళ్లు ఊరికే అనలేదు. జగిత్యాలలో జిలేబీ కొన్నా, కోరుట్ల అంగట్లో పసుపు కొన్నా మన కన్ను ముందు వెతికేది రంగునే. ఆ రంగు ఎక్కడిది? ఎంత ఉండవచ్చు? ఎందులో అసలే ఉండకూడదు? సైన్సు చదువుకునే మనమైనా ఈ మాట అడగాలి గదా!

1856లో లండనులో విలియం హెన్రీ పెర్కిన్ అనే పద్ధెనిమిదేళ్ల కుర్రవాడు మలేరియా మందు క్వినైన్ తయారు చేయబోయాడు. క్వినైన్ రాలేదు గాని, తారు నుండి తీసిన పదార్థంతో ఊదారంగు వచ్చింది. అది బట్టల రంగు. సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన బట్టకు రంగు కావాలి, ఎన్నిసార్లు ఉతికినా వదలకుండా పట్టుకోవాలి. బట్టకు అది గుణం. కడుపులోకి పోయే దానికి అదే గుణం పనికిరాదు. అందుకే బట్టల రంగు వేరు, తిండి రంగు వేరు.

అయితే రంగు అనగానే విషం అనడం కూడా శాస్త్రం కాదు. 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం స్థానంలో 2006లో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వచ్చింది. మన నిబంధనలు ఎనిమిది కృత్రిమ రంగులను ఒప్పుకుంటాయి: టార్ట్రజీన్, సన్‌సెట్ ఎల్లో, పాన్సో 4ఆర్, కార్మోయిసిన్, ఎరిత్రోసిన్, ఇండిగో కార్మైన్, బ్రిలియంట్ బ్లూ, ఫాస్ట్ గ్రీన్. అవి కూడా నిర్ణయించిన పదార్థాల్లో, నిర్ణయించిన మోతాదులోనే వాడాలి.

మోతాదు సంగతి ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. అంతర్జాతీయ నిపుణుల సంఘం లెక్కన శరీరం బరువు కిలో ఒక్కంటికి రోజుకు టార్ట్రజీన్ 10 మిల్లీగ్రాముల దాకా పరవాలేదు. ఎరిత్రోసిన్ మాత్రం 0.1 మిల్లీగ్రామే. అంటే 20 కిలోల పిల్లవానికి మొదటిది 200 మిల్లీగ్రాములు, రెండవది కేవలం 2. కిలోకు 50 మిల్లీగ్రాముల ఎరిత్రోసిన్ ఉన్న మిఠాయి 40 గ్రాములు తింటే హద్దు నిండిపోతుంది! ఈ ఎరిత్రోసిన్‌ను ఆహారంలో వాడడానికి ఇచ్చిన అనుమతిని అమెరికా 2025 జనవరిలో రద్దు చేసింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారి అధ్యయనం ఒకటి 2004లో వెలువడింది. కొందరు కొన్ని రంగులను హద్దు దాటి తింటున్నారని అందులో తేలింది.

ఇక పసుపు సంగతి. పసుపులో ఏ కృత్రిమ రంగూ కలపరాదని నిబంధన. ఇక్కడ మోతాదు అన్న మాటే లేదు. అయినా మెటానిల్ ఎల్లో, లెడ్ క్రోమేట్ అనేవి కల్తీలో దొరుకుతుంటాయి. మొదటిది ఉన్నికి, తోలుకు వేసే రంగు. రెండవదానిలో సీసం ఉంటుంది. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది.

మాది పసుపు పండించే ఇల్లు. వానకాలం మొదట్లో విత్తితే ఎనిమిది, తొమ్మిది నెలలకు చేతికొస్తుంది. తవ్వాలి, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, డ్రమ్ములో వేసి తిప్పి మెరుగు పట్టాలి. ఇంత చేసి అంగడికి తీసుకుపోతే, మా బాపు అన్నట్టు, "లోపలి గుణం ఎవడు సూస్తడు బిడ్డా, పైకి పచ్చగ కనబడితెనే ధర." ఆ మాటలోనే అసలు రోగం ఉంది. కంటితో ధర కట్టినన్నాళ్లు రంగు పూసినవాడు గెలుస్తాడు. పండించినవాడు, తిన్నవాడు ఇద్దరూ ఓడిపోతారు.

పసుపు విలువ అందులోని కర్కుమిన్‌ది. సున్నం తగిలితే ఎర్రబడి పారాణి అయ్యేది దాని వల్లనే. చెంచాడు పొడి గ్లాసు నీళ్లలో వేసి కదపకుండా ఉంచండి. మంచి పసుపైతే పొడి అడుగుకు దిగి, నీళ్లు లేత పసుపుగా ఉంటాయి. నీళ్లు చిక్కటి పసుపుగా మారితే అనుమానించాలి. ఇది అనుమానానికే గాని, తీర్పు చెప్పవలసింది ప్రయోగశాల. రుసుము కట్టి పరీక్ష చేయించుకునే హక్కు కొన్న ప్రతివారికీ 2006 చట్టం ఇచ్చింది.

ఇది అయ్యే పనేనా అంటారా? బంగ్లాదేశ్‌ను చూడండి. 2019లో అక్కడి అంగళ్ల పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం దొరికింది. ప్రజలకు చెప్పారు, అంగట్లోనే పరీక్షించారు, జరిమానాలు వేశారు. 2021 నాటికి అది సున్నాకు దిగింది.

2019 ఎన్నికల్లో మన నిజామాబాదు లోక్‌సభ స్థానానికి 170 మందికి పైగా రైతులు పోటీకి నిలబడ్డారు. ధర, పసుపు బోర్డు వారి కోరికలు. 2025లో నిజామాబాదు కేంద్రంగా బోర్డు వచ్చింది. ఇక అంగడి అంగడికీ పరీక్ష రావాలి. కొమ్ము పైమెరుపును బట్టి కాక, లోపలి కర్కుమిన్ శాతాన్ని బట్టి ధర పలకాలి. మిత్రులారా, మన ప్రయోగశాలల్లో నేర్చిన చదువుకు ఇంతకన్నా దగ్గరి పని ఏముంది? సెలవులకు ఊరు పోయినప్పుడు ఇంట్లో ఒక గ్లాసు నీళ్లతోనే మొదలుపెడదాం.