అశ్వహృదయం, అక్షహృదయం, ఒక టిప్

గుర్రప్పందేల పరిభాషలో టిప్ అంటే, గుర్రపుశాల గుట్టు తనకు తెలుసునని చెప్పుకునే ఒకరు, ఫలానా రేసు ఫలానా గుర్రానిదేనని మరొకరి చెవిన వేసే జోస్యం. అది మడతపెట్టిన చీటీగా రావచ్చు, టీకొట్టు దగ్గర గుసగుసగా రావచ్చు, అచ్చులో అంచనాగానూ రావచ్చు. ఎలా వచ్చినా, తప్పితే నష్టం విన్నవాడిదే కాని చెప్పినవాడిది కాదు. గోదావరి జిల్లాల కోడిపందేల్లో డేగ రంగు పుంజుకు ఏ రోజు కలిసివస్తుందో, కాకి రంగుది ఏ ఝామున గెలుస్తుందో కుక్కుట శాస్త్రం తిరగేసి చూసుకునేవాడు కనీసం ఒక గ్రంథాన్ని నమ్ముతాడు. టిప్ మీద ఆడేవాడు నమ్మేది మనిషిని.

హైదరాబాదులో గుర్రప్పందేలు 1868లో మౌలాలిలో మొదలై, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో, మలక్‌పేటకు తరలివచ్చాయి. నేటికీ అక్కడ రేసు రోజున పందెగాడి చేతిలో కనిపించేది రేసు పుస్తకమే. ఏ గుర్రం ఎంత బరువు మోస్తుందో, గతంలో ఎన్నో స్థానంలో వచ్చిందో, దాని జాకీ ఎవరో, ట్రైనర్ ఎవరో అందులో సన్నని అక్షరాల్లో ఉంటాయి. అయితే టిప్ అందినవాడికి ఆ అక్షరాలతో పని తక్కువ. అతడు చీటీలోని అంకెను వెతికి, దాని చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, మిగతా పేజీని వదిలేస్తాడు. ఆ మిగతా పేజీలోనే అతడు చదవవలసిన ముఖ్యమైన సంగతి ఉంటుంది. హ్యాండీక్యాప్ అనే పద్ధతిలో గట్టి గుర్రానికి ఎక్కువ బరువు, బలహీనమైన దానికి తక్కువ బరువు కేటాయించి, అన్నీ ఒకేసారి గీత దాటేంత సమానంగా పోటీని అమర్చాలని చూస్తారు. అంటే జోస్యం చెప్పడం వీలైనంత కష్టం చేయడానికే ఒక అధికారి జీతం తీసుకుంటూ ఉండగా, ఆ జోస్యాన్ని ఒకడు బయట టీ ఖరీదుకు అందిస్తున్నాడన్నమాట.

1996లో లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు, గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆటే కాని కేవలం అదృష్టం మీద నడిచే జూదం కాదని తీర్పు చెప్పింది. గుర్రం వంశం, శిక్షణ, జాకీ నేర్పు, మోసే బరువు మొదలైనవాటిని అధ్యయనం చేసి అంచనా వేయవచ్చునన్నది అందులోని తర్కం. తర్కం సరైనదే. కాని టిప్ కొన్నవాడు ఆ అధ్యయనం చేసినవాడు కాడు. న్యాయస్థానం గుర్తించిన నైపుణ్యం ఎక్కడైనా ఉంటే అది అతడికి చీటీ ఇచ్చినవాడి దగ్గర ఉండాలి, లేదా అతడికి చెప్పినవాడి దగ్గర.

మహాభారతం ఆరణ్యపర్వంలోని నలోపాఖ్యానంలో ఈ నైపుణ్యం రెండు వేర్వేరు విద్యలుగా కనిపిస్తుంది. గుర్రాల మర్మం తెలిపే అశ్వహృదయం నలుడి దగ్గర ఉంది. లెక్కనూ పాచికలనూ వశం చేసే అక్షహృదయం ఋతుపర్ణుడనే రాజు దగ్గర ఉంది. తాండ్రచెట్టు ఆకులనూ కాయలనూ చూపుతోనే లెక్కకట్టిన ఋతుపర్ణుడికి అశ్వహృదయం తెలియదు. గుర్రాలను గాలిలా తోలిన నలుడు జూదంలో రాజ్యమే పోగొట్టుకున్నాడు. గుర్రాన్ని ఎరిగినంత మాత్రాన పందెం గెలవలేరనడానికి ఇంతకంటే పాత సాక్ష్యం అక్కరలేదు.

రేసుకోర్సులో అక్షహృదయం ఉండే చోటు టోట్. పందెం సొమ్మునంతా ఒక నిధిగా పోగుచేసి, అందులోంచి పన్నులు, క్లబ్బు ఖర్చులు మినహాయించి, మిగిలినదాన్ని గెలిచిన టిక్కెట్లకు పంచే ఈ పద్ధతిని 19వ శతాబ్దంలో పారిస్‌లో జోసెఫ్ ఒలేర్ ప్రవేశపెట్టాడు. దానికి యంత్రాన్ని జార్జ్ జూలియస్ రూపొందించగా 1913లో ఆక్లండ్‌లో నెలకొల్పారు. ఆయన మొదట తలపెట్టింది ఓట్లు లెక్కించే యంత్రమట. ప్రభుత్వం వద్దన్న ఆ యంత్రమే పందేలకు పనికివచ్చింది.

టిప్‌ను చంపేది టోట్ పంచే ఈ లెక్కే. ఉదాహరణకు ఒక రేసులో లక్ష రూపాయలు పోగై, అందులో పదివేలే ఒక గుర్రం మీద ఉన్నాయనుకుంటే, మినహాయింపు 20 శాతమైనప్పుడు, అది గెలిస్తే పది రూపాయల టిక్కెట్టుకు 80 వస్తాయి. అదే గుర్రం పేరు టీకొట్టు నుంచి ప్రేక్షకుల స్టాండుకు పాకి, మరో నలభై వేలు దాని మీద పడితే, నిధి లక్షా నలభై వేలకు పెరిగినా టిక్కెట్టుకు దక్కేది 22 రూపాయల చిల్లరే. గుర్రం మారలేదు, జాకీ మారలేదు. రహస్యం పదిమందికి తెలిసింది, అంతే. అందుకే నిజమైన టిప్ సైతం పందెగాడిని చేరేసరికి పిప్పిగా మారిపోయి ఉంటుంది. దీనికి తోడు పందెం పూర్తి విలువ మీద అంతకుముందు 28 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతంగా పడుతోంది. గెలుపు మీద ఆదాయపు పన్ను వేరే ఉంది, ఓడిన రేసుల నష్టాన్ని అందులో తగ్గించుకోవడానికి చట్టం ఒప్పుకోదు.

ఈ లెక్క తెలియని పందెగాడి మధ్యాహ్నం దాదాపు ఒకే వరుసలో సాగుతుంది. మొదటి రేసులో చీటీలోని గుర్రం మలుపు దాకా ముందుండి, స్టాండు ఎదుట నాలుగో స్థానానికి జారుతుంది. రెండో రేసులో చీటీలోని గుర్రం గెలుస్తుంది కాని, అందరూ దాన్నే పట్టుకున్నారు గనుక బోర్డు మీద వెలిగిన డివిడెండు, అంటే టిక్కెట్టుకు దక్కే మొత్తం, చూసి కేకలు సగంలో ఆగిపోతాయి. మూడోది ఫోటో ఫినిష్, అంటే గీత దగ్గరి కెమెరా తీసిన చిత్రంతో తేల్చవలసినది. ఆ రెండు మూడు నిమిషాలు టిక్కెట్టును ఎవరూ చింపరు, రెండు వేళ్ల మధ్య పట్టుకుని చెమటకు మెత్తబడేదాకా నలుపుతారు. ఓడిన తేడా గుర్రపు ముక్కంత అని ప్రకటించాక ఆ కాగితం చిరగదు, పీచులా విడిపోతుంది. ఇక నాలుగో రేసులో విసుగెత్తి చీటీని కాదని సొంత బుద్ధితో మరో గుర్రం మీద పెడతాడు. చీటీలోని గుర్రం గెలుస్తుంది.

పందెగాడి జ్ఞాపకంలో నిలిచేది ఈ నాలుగోదే. మొదటి మూడింటి దెబ్బ చీటీ చేసినది. దాన్ని అతడు క్షమించగలడు. నాలుగోది తన తప్పు గనుక, టిప్ మీద నమ్మకం తగ్గకపోగా పెరుగుతుంది. సాయంత్రం మలక్‌పేట మెట్రో స్టేషను మెట్లెక్కుతూ అతడు పక్కవాడికి చెప్పేది పోయిన సొమ్ము గురించి కాదు, వినకుండా పోయిన మాట గురించి. రైలులో సీటు దొరికాక పుస్తకం మళ్లీ తెరిచి, ముక్కు దూరంలో పోయిన గుర్రం పేరున్న వరుసను వేలితో తడుముతాడు. అది పరుగెత్తింది 1,200 మీటర్లు. మరో రెండు వందల మీటర్లుండి ఉంటే అందుకునేదేనని, ఇంటి స్టేషను వచ్చేలోగా, అతడే ఎదుటి సీటువాడికి ఒక టిప్ చెబుతాడు.