పచ్చజెండా ఎత్తే ముందు

పుత్తూరు పిల్లలకు రైలు కొత్త కాదు. రేణిగుంట–అరక్కోణం లైను ఊళ్లోంచే పోతుంది. అయినా మద్రాసుకు తీసుకుపోయి, ఐ.సి.ఎఫ్. రైలుపెట్టెల కర్మాగారం దగ్గర 2002లో తెరిచిన రైలు మ్యూజియంలో బుల్లి రైలెక్కిస్తే వాళ్ల సంబరమే వేరు. ఇంజను పక్కన నిలబడి ఎవరైనా నాలుగు మాటలు చెప్తే బాగుండునని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

వేల్సులో అయితే రైలు నడిపే పనే జనం చేస్తున్నారు. పలకరాయి మోయడానికి 1860లలో వేసిన టాలిలిన్ రైలుమార్గం మూతపడబోతుంటే, రైలంటే ప్రాణమిచ్చేవాళ్లు 1951లో దాన్ని చేతికి తీసుకుని జీతం లేకుండా నడిపారు. ఇలా కాపాడుకున్న రైళ్లలో ప్రపంచంలోనే అది మొదటిది. మన పిల్లలు టీవీలో చూసే థామస్ ఇంజను కథలు రాసిన ఆడ్రీ అనే పాదిరి, 1952లో అక్కడ గార్డుగా సేవ చేశాడు. ఒకరోజు ఫలహారాలు అమ్మే ఆమె ఎక్కిందో లేదో చూడకుండానే విజిల్ ఊదాడు. రైలు కదిలింది, ఆమె స్టేషన్లోనే ఉండిపోయింది. తర్వాత దాన్నీ ఒక కథ చేశాడు.

మా మామ రేణిగుంటలో గార్డు చేసి రిటైరయినాడు. ఆయనకు ఈ సంగతి చెప్తే నవ్వలేదు. "విజిల్ ఊదేది పెద్ద పనా అబ్బోడా? అంతకుముందు చూసేదే పని" అన్నాడు. ఆ సాయంత్రమే మా పిల్లోడికి పాఠం మొదలైంది. తుండుగుడ్డ పచ్చజెండా అయింది. ఎర్రది చుట్టి చంకలో పెట్టుకోవాలి, ఎప్పుడు కావాలన్నా చేతికి అందాలి. మొదట చివరి పెట్టె నుంచి ఇంజను దాకా చూపు పోవాలి: వాకిట్లో వేలాడే కాలుందా, తల్లి చెయ్యి వదిలిన బిడ్డ ఉందా, ముసలామె ఇంకా మెట్టు మీదే ఉందా. అన్నీ చూశాకే పచ్చజెండా. వాడు తొందరపడి ఊపిన ప్రతిసారీ మామ అరుగు మీద నుంచి "యాడ చూసినావురా?" అని మళ్లీ మొదటికి తెచ్చాడు.

పండగ సెలవుల్లో కుటుంబాలన్నీ కలిసొచ్చే రోజున మ్యూజియం రైలుకు కావలసింది ఈ కళ్లే. పిల్లలు ఎక్కేటప్పుడు ఒకచోట నిలవరు, పెద్దలేమో ఫోటోల్లో ఉంటారు. రేణిగుంట, పుత్తూరు, అరక్కోణంలలో రిటైరయిన గార్డులు, డ్రైవర్లు, పాయింట్స్‌మన్లు ఎంతమంది లేరు! బొగ్గు ఇంజను వేడి తెలిసినవాళ్లు ఇంకా కొందరు మిగిలారు. 1855 నాటి ఈ.ఐ.ఆర్. 21 ఇంజనును పెరంబూరు లోకో వర్క్స్ కార్మికులు 2010లో మళ్లీ నడిపించారు. ఇనుముకు అంత శ్రమపడినవాళ్లం, మ్యూజియానికి రమ్మని ఈ మనుషులకు ఒక ఉత్తరం రాయలేమా?

నెలకొక ఆదివారం చాలు. రానుపోను టికెట్టు, మధ్యాహ్నం భోజనం, కూర్చోను నీడ ఇస్తే వస్తారు. మా మామయితే విజిల్ తన దగ్గరే ఉందంటున్నాడు.