బద్వేలు బస్టాండులో అల్లం టీ

కడప నుంచి భాకరాపేట, సిద్ధవటం మీదుగా బద్వేలు దారి. పెన్న దాటాక లంకమల కొండలు తోడొస్తాయి. అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది ఈ కొండల పొదల్లోనే. బ్రహ్మంగారి మఠానికి, పోరుమామిళ్లకు, నెల్లూరుకు వెళ్లేవాళ్లలో కొందరు బద్వేలులో బస్సు మారతారు. బస్సు వచ్చేలోగా టీ తాగాల్సిందే!

"కడుపులో ఒకటే మంటన్నా... అల్లం బాగా దంచి ఓ టీ ఇయ్యి!"

రాగిసంగటి, ఎర్రకారం, శెనక్కాయల ఊరిబిండి తినే సీమలో ఈ మాట మామూలే. చిత్రమేమిటంటే, వానా నీడా కోరే అల్లం ఈ మెట్టనేలల పంట కాదు. బయటి నుంచి రావాల్సిందే. అయినా అల్లం, శొంఠి లేని వంటిల్లు అరుదు.

మరి అల్లం నిజంగా పొట్టను కాస్తుందా?

కడుపులో ఊరే ఆమ్లం ఘాటైనది. అది కడుపునే తినేయకుండా లోపలి గోడమీద జిగురుపొర ఉంటుంది. ఆ పొరకు బలం ప్రోస్టాగ్లాండిన్లు. మోకాళ్ల నొప్పులకని వాడే చాలా రకాల నొప్పి బిళ్లలు వాటినే తగ్గిస్తాయి. పుండ్లకు మరో కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. దాన్ని గుర్తించిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది.

1988లో జపాన్ పరిశోధకులు ఎలుకలకు అల్లం సారం ఇచ్చి చూస్తే కడుపు గోడకు గాయాలు బాగా తగ్గాయి. అల్లంలోని ఘాటు పదార్థం జింజెరాల్‌కూ ఆ గుణం కనిపించింది. అల్లం ఎండి శొంఠి అయినప్పుడు జింజెరాల్‌లో కొంత షోగాల్‌గా మారుతుంది. శొంఠికి ఘాటెక్కువ అందుకే!

అయితే ఎలుకలో కనిపించిందంతా మనిషిలో రుజువైనట్టు కాదు. వికారం తగ్గించడంలో అల్లానికి మంచి పేరే ఉంది. పుండు మాన్పుతుందనడానికి మాత్రం గట్టి ఆధారాల్లేవు. మోతాదు మించితే అదే మంట పుట్టిస్తుంది. పరగడుపున టీ కూడా కొందరికి పడదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు అల్లం, శొంఠి మందులా వాడాలనుకుంటే డాక్టరును అడగాలి.

అసలు ప్రమాదం వేరే ఉంది. పొద్దున నొప్పి బిళ్ల, సాయంత్రం మంటకు శొంఠి కషాయం... ఇలా నెలలు నెట్టుకొచ్చే అవ్వాతాతలు పల్లెపల్లెకూ ఉంటారు. లోపల పుండు పెరుగుతున్నా కషాయం ఇచ్చిన ఉపశమనంలో తెలియకపోవచ్చు. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం పడినా కషాయం పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

మిగతా రోజుల్లో అల్లం ముక్క కూరలో ఉండనీండి. బస్టాండులో గ్లాసు టీలోనూ... ఏదైనా తిన్నాకే సుమా!