చాళ్ల వరండా - నలభయ్యో అంతస్తు

ముంబయి చూడవచ్చిన చుట్టాలకు గేట్‌వే, విక్టోరియా టెర్మినస్ చూపిస్తాం. మన తెలుగువారి కాపురాలు నిలిచిన కట్టడాలను చూడాలంటే మాత్రం వర్లీ వెళ్లాలి.

1920 దశకంలో గవర్నరు జార్జి లాయిడ్ హయాంలో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటు కార్మికుల కోసం కట్టించినవే బి.డి.డి. చాళ్లు. వర్లీలో 121, నాయగావ్‌లో 42, ఎన్.ఎం. జోషీ మార్గ్‌లో 32, శివ్‌డీలో 12 - మొత్తం 207. ఒక్కొక్క చాళ్‌లో నేల అంతస్తు, పైన మూడంతస్తులు, 80 గదులు. గది వైశాల్యం 160 చదరపు అడుగులే. మరుగుదొడ్లు ఉమ్మడివి. శాసనోల్లంఘన ఉద్యమ రోజుల్లో వర్లీ చాళ్లను జైళ్లుగా కూడా వాడారు. మిల్లు పనులకు తెలంగాణా జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు ఎన్నో ఈ ప్రాంతంలోనే స్థిరపడ్డాయి.

ఇప్పుడు ఆ చాళ్ల స్థానంలో ఆకాశహర్మ్యాలు లేస్తున్నాయి. వర్లీలో 2021 ఆగస్టులో పనులకు భూమిపూజ జరిగింది. 2025 ఆగస్టు 14న తొలి విడతగా 556 కుటుంబాలకు తాళాలు అందాయి. ఒక్కొక్కరికి 500 చదరపు అడుగుల సొంత ఇల్లు, ఉచితంగా! మిగిలిన స్థలంలో కట్టే ఇళ్లను బయటివారికి అమ్మి 'మాడా' సంస్థ ఖర్చు రాబట్టుకుంటుంది.

దీనిపై నగర నిర్మాణ నిపుణుల్లో వాదోపవాదాలున్నాయి. ఇరుకు గది, ఉమ్మడి మరుగుదొడ్డి కష్టం పడ్డవారికే తెలుసునని ఒక వర్గం. ఒకరి పాపను పదిమంది చూసుకునే వరండా నలభై అంతస్తుల మేడలో దొరకదని మరొక వర్గం. రెండూ నిజాలే. ఆడవాళ్ల ఇబ్బంది తలచుకుంటే నా ఓటు కొత్త ఇంటికే.

అయితే జమాఖర్చుల మనిషిని కనుక ఒక మాట. ఇల్లు ఉచితంగా రావచ్చు గాని ఉచితంగా నిలవదు. లిఫ్టులు, పంపులు, అగ్నిమాపక ఏర్పాట్లు నెలనెలా డబ్బడుగుతాయి. మహారాష్ట్ర సహకార గృహ సంఘాల నమూనా నిబంధనలు సింకింగ్ ఫండుకు నిర్మాణ వ్యయంలో ఏటా కనీసం 0.25 శాతం, మరమ్మతులకు 0.75 శాతం కేటాయించమంటాయి. పింఛను మీద బతికే పెద్దలకు ఇది చిన్న భారం కాదు. ఆ భారం మోయలేకనే ఇల్లు అమ్ముకుని దూరపు శివార్లకు పోతే, మేడ మిగులుతుంది, మనవాళ్లు మిగలరు.

అందుకే సంఘం సమావేశాలకు తప్పక వెళ్లండి, లెక్కలు అడగండి. పాత వరుసలు పూర్తిగా కనుమరుగు కాకముందే పిల్లలను తీసుకెళ్లి, తాతల గది వైశాల్యం ఎంతో చూపించండి.