చందమామ చూసి కట్టిన కోటలు

ఫిల్మ్‌నగర్‌లో ఇప్పుడు కనిపించే అద్దాల మేడలు నా చిన్నతనంలో లేవు. 1990ల మొదట్లో అక్కడ ఎటు చూసినా బండరాళ్లు, సీతాఫలం పొదలు, మధ్యలో నీళ్ల ట్యాంకర్లు రొప్పుతూ ఎక్కే మట్టి దారులు. స్టూడియోల గోడలు దాటి నాలుగడుగులు వేస్తే సాయంత్రం పూట నెమళ్ల అరుపులు వినిపించేవి. మేం ఉండేది దిగువన కృష్ణానగర్‌లో. నాన్న సినిమాల్లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్ పెయింటరు. పరిశ్రమ మద్రాసు నుంచి తరలివస్తున్న రోజుల్లో మేమూ మూటాముల్లే సర్దుకుని ఇక్కడికి వచ్చేశాం. తెల్లవారుజామున వీధి చివర ప్రొడక్షన్ బండి హారన్ కొడితే లైట్‌మెన్లు, మేకప్ వాళ్లు, కార్పెంటర్లు కళ్లు నులుముకుంటూ పరుగెత్తేవాళ్లు. వాళ్లలో నాన్నా ఉండేవాడు. ఆయన సంచిలో బ్రష్షులు, కొలత టేపు, వాటి అడుగున పాత చందమామ పత్రికలు.

జానపదం సెట్టు పడిందంటే ఆ పుస్తకాలు బయటికి రావాల్సిందే. ద్వారబంధం మీద తీగ ఎటు తిరగాలి, సింహాసనం చేతిమీద సింహం తల ఎంతుండాలి, మాంత్రికుడి గుహలో దీపం ఏ ఎత్తున పెట్టాలి, అన్నీ వాటిల్లోనే వెతికేవాడు. రాత్రి మా గదిలో నేలమీద కాగితం పరిచి, పేజీలోని బొమ్మకు గళ్లు గీసి, పెద్దది చేసుకునేవాడు. నేను పక్కన బోర్లా పడుకుని చూసేదాన్ని. "కోట ఇలా ఉంటుందని మనకెవరు చెప్పారమ్మా? చందమామలో బొమ్మలేసిన చిత్రా గారే కదా" అనేవాడు. ఆ మాటలో ఎంత నిజముందో పెద్దయ్యాక తెలిసింది.

అసలు ఆ పత్రికా, మన సినిమా ఒకే ఇంటి పిల్లలు. బి.నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో చందమామ మొదలుపెట్టారు. వాళ్లే విజయా సంస్థ తరఫున 'పాతాళ భైరవి' తీసింది 1951లో, 'మాయాబజార్' తీసింది 1957లో. అంటే పుస్తకమే ముందు. పిల్లలమైన మాకందరికీ మాయాబజార్ చూస్తున్నప్పుడు కొత్త సినిమా చూస్తున్నట్టు ఉండేది కాదు, తెలిసిన బొమ్మలు లేచి నడుస్తున్నట్టు ఉండేది. ఎవరు రాజు, ఎవరు రాక్షసుడు, ఎవరు ఎవరికేసి చూస్తున్నారు అన్నది ఒక్క చూపులో తెలియాలి. చందమామ బొమ్మకు ఉన్న ఆ గుణమే ఘటోత్కచుడి ప్రతి అడుగులోనూ కనిపిస్తుంది. ఆ సినిమాకు కళా దర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్. గోఖలే స్వయంగా చిత్రకారుడు, కథకుడు కూడా.

ఇక ఆ బొమ్మలు గీసినవాళ్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. ముఖచిత్రాలు వడ్డాది పాపయ్యవి. 'వపా' అన్న ఆ చిన్న సంతకం కోసం మేం అట్టమీద మూలమూలా వెతికేవాళ్లం. శ్రీకాకుళంలో పుట్టిన ఆయన నీలాల్లో, పసుపుల్లో ఒక పల్చటి వెలుగు ఉంటుంది. ఆ వెలుగు ఇంకెవరి కుంచెలోనూ నాకు దొరకలేదు. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన తోకచుక్క, మకరదేవత, రాకాసిలోయ లాంటి సీరియళ్లకు బొమ్మలు చిత్రా గారివి. ఆయన అసలు పేరు టి.వి.రాఘవన్. మొసలి మొహపు మనుషులు, ఏనుగుల్ని ఎత్తుకుపోయే పక్షులు, కొండ అంచున వేలాడే కోటలు ఆయన కలంలో నిజంగా ఉన్నవాటిలా నిలబడేవి. ఒక చేత కత్తి, భుజాన శవం, నడిచిపోతున్న విక్రమార్కుడు. ఆ బొమ్మ శంకర్ గారిది. ఆయన తమిళుడు. తెలుగు పిల్లల కళ్లలో బేతాళుణ్ని నిలిపిన ఆ చేతికి 2021లో పద్మశ్రీ ప్రకటించారు, అప్పటికే ఆయన లేరు. వీళ్లందరి బొమ్మలకూ తగ్గ భాషను 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దిద్దినవారు కొడవటిగంటి కుటుంబరావు. కథ చదవడం రాని వయసులో మేం బొమ్మను చదివాం, బొమ్మ అర్థమయ్యాక అక్షరాల జోలికి వెళ్లాం. అమ్మకు చదువు అంతంతమాత్రమే. ఆవిడ కూడా అలాగే కూడబలుక్కుంటూ మాతోపాటు చదవడం నేర్చుకుంది.

మా వీధి వెనక ఒక పెద్ద బండ ఉండేది. నాన్న తెచ్చే డబ్బాల అడుగున మిగిలిన రంగులతో పిల్లలమంతా దానిమీద బేతాళుణ్ని వేశాం. ఎవరి వాటా వాళ్లది. నాకు జుట్టు ఇచ్చారు. సాయంత్రం షూటింగు నుంచి వచ్చిన పెయింటర్ బాబాయిలు నిలబడి చూసి, మెడ దగ్గర నీడ పడలేదని దిద్దిపెట్టేవాళ్లు. నాకు తెలిసిన మొదటి చిత్రకళా పాఠశాల అదే. తర్వాత ఆ బండను పగలగొట్టి ఇళ్లు కట్టారు.

చందమామ ఒక్కటే కాదు. కోఠి వైపు వెళ్లినప్పుడల్లా విశాలాంధ్ర పుస్తకాల షాపులో చవగ్గా దొరికే సోవియట్ పుస్తకాలు తెచ్చుకునేవాళ్లం. మంచు, ఎలుగుబంట్లు, రుమాలు కట్టుకున్న అవ్వలు మాకు అలా చుట్టాలయ్యారు. 'నాన్నారి చిన్నతనం' ఎన్నిసార్లు చదివానో. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది, పుస్తకాలు రావడం ఆగింది. అద్దె పుస్తకాల షాపులో అమర్ చిత్ర కథలు, బాలమిత్ర, బొమ్మరిల్లు ఉండేవి. బాపు గీసిన బుడుగు ఉండనే ఉన్నాడు. బాపు సినిమా చూసి, ప్రతి షాటూ బొమ్మలాగే ఉందని జనం అనేవాళ్లు. బొమ్మ గీసే మనిషే కెమెరా వెనక నిలబడితే ఏమవుతుందో 'సంపూర్ణ రామాయణం', 'ముత్యాల ముగ్గు' చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

1994లో 'భైరవద్వీపం' వచ్చింది. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు, మాయాబజార్‌కు దాని దర్శకుడు కె.వి.రెడ్డి గారి దగ్గర పనిచేసినవారు. తీసింది నాగిరెడ్డి గారి కుటుంబమే, బ్యానర్ పేరులోనే చందమామ ఉంది. మరుగుజ్జులు, ఎగిరే గుర్రం, మాంత్రికుడు తెరమీదికి వస్తుంటే హాల్లో పిల్లలం కేకలు పెట్టాం. పక్కన నాన్న మాత్రం మాట్లాడకుండా గుహ గోడలమీద రంగు ఎలా వేశారో చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు 'బాహుబలి' వచ్చింది. చిన్నప్పుడు చదివిన అమర్ చిత్ర కథల ప్రభావం తనమీద ఎంతో ఉందని దాని దర్శకుడు రాజమౌళి చాలాసార్లు చెప్పారు. ఆ సినిమాలోని మాహిష్మతి లాంటి రాజ్యాల్ని ఇప్పుడు కంప్యూటర్లలో కడుతున్నారు గానీ, ఆ బురుజుల వంపు నాకు మా గదిలో నేలమీద పరిచిన కాగితాన్నే గుర్తుచేస్తుంది.

నా బాధ ఒక్కటే. తెలుగు సినిమా తన నటుల్ని, దర్శకుల్ని బాగానే గుర్తుపెట్టుకుంది. వాళ్ల పేర్లు రోడ్లకు, అవార్డులకు, స్టూడియోలకు ఉన్నాయి. మన కళ్లకు రాజ్యాలు, రాక్షసులు, అరణ్యాలు ఎలా ఉంటాయో నేర్పిన వపా, చిత్రా, శంకర్‌లకు ఈ కొండమీద ఒక గదైనా ఉండాలి కదా. చందమామ 2007లో చేతులు మారింది, కొన్నేళ్లకే అచ్చు ఆగిపోయింది. పాత సంచికల్ని స్కాన్ చేసి కాపాడింది డబ్బున్న సంస్థలు కాదు, మామూలు అభిమానులు. వాళ్లకు చేతులెత్తి మొక్కాలి.

ఫిల్మ్‌నగర్ పెద్దలకు నా విన్నపం: ఫిల్మ్ ఛాంబర్ దగ్గరో, ఏదో ఒక స్టూడియోలోనో ఈ చిత్రకారుల బొమ్మల్ని పెద్దవి చేసి పెట్టండి, పిల్లల్ని ఉచితంగా రానివ్వండి. కొత్త ఆర్ట్ డైరెక్టర్లకూ అది పనికొస్తుంది. పాఠకులకు ఇంకో మాట. మీ అటకమీద పాత చందమామల బైండు ఉంటే తూకానికి వేయకండి. వీధిలో ఒక పిల్లవాడికి ఇవ్వండి. కొత్త బొమ్మల పుస్తకాలు కావాలంటే తార్నాకలో 'మంచి పుస్తకం' వాళ్లు తెలుగులో వేస్తూనే ఉన్నారు, పాత సోవియట్ కథలు కూడా వాళ్ల దగ్గర మళ్లీ దొరుకుతున్నాయి. వెళ్లి కొనండి.