ఉస్మానియా బండల మీద ఒక వేకువ

ఫజర్ వేళ ఎప్పుడు ప్రవేశిస్తుంది? మదరసాలో ఫిఖహ్ తొలిపాఠాలు చదివే ఏ బాలుణ్ణి అడిగినా తడుముకోకుండా చెబుతాడు: సుబ్‌హె సాదిఖ్‌తో ప్రవేశిస్తుంది, సూర్యోదయంతో ముగుస్తుంది. సుబ్‌హె సాదిఖ్ అంటే ఏమిటి? ఆకాశపు అంచున అడ్డంగా పరచుకొనే తెలుపు. దానికి ముందు తోడేలు తోకలా నిలువుగా లేచి, మళ్ళీ మాసిపోయేది సుబ్‌హె కాజిబ్, అంటే అబద్ధపు వేకువ. జవాబులో ఒక్క అక్షరం తప్పు ఉండదు. మరి నీవు ఎప్పుడైనా చూశావా బాబూ అంటే మాత్రం తల దించుకుంటాడు.

ఈ ప్రశ్న మా మదరసాలో ఊరికే పుట్టలేదు. నఫిల్ ఉపవాసం పాటించదలచిన ఒక విద్యార్థి గోడ మీది వేళల పట్టికనూ, తన అన్న ఫోనులోని ఆప్‌నూ పోల్చి చూశాడు. రెంటికీ మధ్య 13 నిమిషాల తేడా వచ్చింది. పట్టిక ప్రకారం సహరీ ముగిసిన తరువాత కూడా ఆప్ ఇంకా తినవచ్చునని చెబుతోంది. "హజ్రత్, ఈ 13 నిమిషాల్లో తిన్నవాడి రోజా ఏమవుతుంది?" అని అడిగాడు. రమజాన్ రెండు నెలల దూరంలో ఉంది. ఇది ఒక్క కుర్రవాడి సందేహం కాదు, ప్రతి ఇంటి వంటగదికీ చెందిన సందేహం.

తేడాకు కారణం చెప్పడం కష్టం కాదు. తెల్లవారుజామున సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీల దిగువన ఉండగా ఫజర్ వేళ మొదలవుతుందని కొన్ని లెక్కలు, 15 డిగ్రీల దగ్గర అని మరికొన్ని లెక్కలు. మన హైదరాబాదు అక్షాంశం మీద ఆ 3 డిగ్రీలు పైకి రావడానికి సూర్యుడికి సుమారు 13 నిమిషాలు పడుతుంది. నల్లబల్ల మీద బొమ్మ గీసి చూపించాము. పిల్లలు తలలూపారు. కానీ దివ్య ఖుర్‌ఆన్ అల్ బఖరా సూరా 187వ ఆయతులో తెల్లపోగు, నల్లపోగు అనే పోలిక ఇచ్చింది మన కంటి కోసం. డిగ్రీలు తరువాత వచ్చినవి. ఆ పోలికను అక్షరాలా తీసుకొని అదీ ఇబ్ను హాతిమ్ (రజి) తలగడ కింద రెండు దారాలు పెట్టుకున్నారనీ, అది రాత్రి నలుపూ పగటి తెలుపూ అని దైవప్రవక్త (సఅసం) వారికి విశదపరచారనీ బుఖారీలో ఉంది. అదీ (రజి) కనీసం లేచి చూశారు. మనం లేవకుండానే ఫోను వంక చూస్తున్నాము.

కాబట్టి వెళ్ళి చూసి రావాలని నిశ్చయించుకున్నాము. పన్నెండు మంది విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులం. డిసెంబరు చివరి వారం, రజబ్ మాసపు తొలి దినాలు. చాంద్రమాసం మొదటి పది రోజులనే ఎంచుకోవడంలో ఒక సౌకర్యముంది. చంద్రుడు రాత్రిలోనే అస్తమిస్తాడు గనుక వేకువన ఆకాశానికి చీకటి మిగులుతుంది. పున్నమి దాటాక వెళితే వెన్నెలను చూసి వేకువ అనుకొనే ప్రమాదం ఉంది.

ఇక ఎక్కడికి? హైదరాబాదుకు పర్వతాలు లేవు. బండలున్నాయి. అనంతగిరి దాకా వెళ్ళడానికి మాకు బండి లేదు. లాలాగూడ మీదుగా నడిచి పోగలిగిన దూరంలో తార్నాక, దాని పక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయపు విశాల ప్రాంగణం ఉన్నాయి.

తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరాము. తార్నాక చౌరస్తాలో మెట్రో స్తంభాల కింద పాల వ్యానులు తప్ప మరేమీ లేవు. ఒకప్పుడు ఇక్కడ తీగల కంచె, దాని దగ్గర ఒక కాపలా నాకా ఉండేవనీ, తార్, నాకా కలిసి తార్నాక అయిందనీ పెద్దలు చెబుతారు. ఇప్పుడు ఆ పేరుకు చుట్టూ పరిశోధనాలయాలే. మన ఆహారంలో ఏముందో లెక్కగట్టే జాతీయ పోషకాహార సంస్థ, రసాయన శాస్త్ర సంస్థ ఇక్కడ ఉన్నాయి. కొంచెం అవతల హబ్సిగూడలో భూమి లోపలి సంగతులు చూసే భూభౌతిక సంస్థ ఉంది. రైల్వే స్టేషను పేరులో మాత్రం జామియా ఉస్మానియా అనే పాత పిలుపు మిగిలింది.

గేటు దగ్గర కాపలాదారు లేచి నిలబడ్డాడు. ఇంత పొద్దున ఇంతమంది టోపీలు చూసి ఆశ్చర్యపోయి ఉంటాడు.

"ఎక్కడికి సాబ్?"

"తెలవారడం చూడటానికి బాబూ."

"దానికి ఇంత దూరం రావాలా సాబ్? ఎక్కడ కూసున్నా తెలవారతది గదా!" అని నవ్వి దారి ఇచ్చాడు.

రహదారి విడిచి కాలిబాట పట్టాము. కొండ అనదగినంత ఎత్తు కాదు. అయినా చీకట్లో సీతాఫలపు పొదల మధ్య నుంచి, జారుడు రాళ్ళ మీదుగా ఎక్కుతుంటే యాభై దాటిన మా మోకాళ్ళకు అది కొండే. పిల్లలు ముందుకు ఉరికి, మళ్ళీ వెనక్కి వచ్చి మా చేతులు పట్టుకున్నారు. ఎక్కడో నెమలి అరిచింది. ఒకడు ఉలిక్కిపడ్డాడు, మిగిలినవారు వాడిని రోజంతా ఆటపట్టించారు.

మేము కూర్చున్న బండ వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. దక్కను నల్లరాయి భూమి లోతుల్లో కరిగి, చల్లారి గట్టిపడినది. తరువాత పగుళ్ళలోకి నీరు దిగి, మూలలు అరిగి, చుట్టూ ఉన్న మెత్తని మన్ను కొట్టుకుపోగా గుండ్లు ఒకదానిపై ఒకటి నిలిచిపోయాయి. ఎవరో పేర్చినట్లు కనిపించినా ఎవరూ పేర్చలేదు. ఇలాంటి గుండ్లను నగరం ఎన్నింటిని పగలగొట్టి పునాదుల్లో వేసుకుందో లెక్కలేదు. ఈ రాళ్ళను కాపాడాలని 1996లో ఒక సంఘమే ఏర్పడింది. ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న వడ్డెర బస్తీ పేరులోనే రాతి పని ఉంది.

4 గంటల 50 నిమిషాలకు అందరమూ తూర్పుకు తిరిగి కూర్చున్నాము. డిసెంబరులో సూర్యుడు ఇక్కడి నుంచి ఉప్పల్ వైపు ఉదయిస్తాడు. జూన్‌లో అయితే నాచారం వైపుకు జరుగుతాడు. పిల్లలకు ఈ సంగతే కొత్త. తూర్పు అంటే ఒక్క చోటే అని వాళ్ళు అనుకున్నారు.

అసలు చిక్కు అప్పుడు తెలిసింది. తూర్పున చీకటి లేదు. హబ్సిగూడ, ఉప్పల్, ఆ అవతలి కాలనీల దీపాలన్నీ కలిసి దిగంతం మీద నారింజ రంగు పొరను కప్పాయి. మా వెనుక పడమటన నాలుగైదు నక్షత్రాలు ఎక్కువే కనిపించాయి గాని, చూడవలసిన దిక్కులో అర్ధరాత్రి నుంచే తెలవారినట్లుంది. తోడేలు తోక కోసం కళ్ళు పొడుచుకున్నాము. కనిపించలేదు. అది సూర్యమండలపు దుమ్ము మీద పడిన వెలుగు. అంత నాజూకైన వెలుగును ఒక వీధి దీపం చాలు చెరపడానికి.

నారాయణపేట దగ్గరి పల్లె నుంచి వచ్చిన విద్యార్థి మెల్లగా అన్నాడు: "హజ్రత్, మా నానమ్మ గడియారం చూడటం ఎరుగదు. మిద్దె మీదికి వెళ్ళి చూసి వచ్చి, ఇక నోరు కడుక్కోండని చెప్పేది." ఆమె ఏమి చూసేదో ఎన్నడైనా అడిగావా అన్నాము. అడగలేదన్నాడు.

గోడ పట్టిక చెప్పిన 5 గంటల 20 నిమిషాల ప్రాంతం వచ్చింది, పోయింది. తెల్లదనం కనిపించిందని ప్రమాణం చేయగలవారు మాలో లేరు. ఒకరితో ఒకరు మాట్లాడకుండా, ఎవరికి వారు గుర్తించిన నిమిషాన్ని చీటీ మీద రాయమన్నాము. తరువాత విప్పి చూస్తే 5:34, 5:36, 5:36, 5:41 ఇలా ఉన్నాయి. ఒక్కడు మాత్రం 5:25 అని రాశాడు. వాడు ఉప్పల్ దీపాలను చూశాడని తక్కినవారి వాదన.

"అయితే ఆప్ చెప్పిందే నిజమా హజ్రత్?" అన్నాడు ప్రశ్న లేవనెత్తిన కుర్రవాడు, కొంత విజయగర్వంతో.

కాదన్నాము. మా కంటికి ఆలస్యంగా కనిపించినంత మాత్రాన ఆకాశంలో ఆలస్యంగా జరిగినట్లు కాదు. దీపాల మధ్య నుంచి, చలికాలపు పొగ, దుమ్ము గుండా చూసిన చూపు 18 డిగ్రీల లెక్కను కొట్టివేయలేదు, 15 డిగ్రీల లెక్కను నిలబెట్టనూ లేదు. ఉప్పల్ దీపాల సాక్ష్యంతో ఫత్వా ఇవ్వడం కుదరదు. అందాకా జాగ్రత్త గల మార్గం ఉండనే ఉంది. తినడం ముందు వేళకు ఆపాలి, నమాజు తరువాతి వేళ దాటాక చేయాలి. అలా చేస్తే రోజాకూ నమాజుకూ రెంటికీ సందేహం ఉండదు. కుర్రవాడికి ఈ జవాబు అంతగా రుచించలేదు. యౌవనం ఒక్క గీతనే కోరుకుంటుంది.

వెలుగు బాగా పరచుకున్నాక బండ మీదే అజాన్ ఇచ్చి జమాఅతుగా నమాజు చేశాము. మన దేశంలో ఖిబ్లా పడమటి దిక్కు గనుక ఫజర్ నమాజులో వేకువ ఎప్పుడూ మన వీపు వెనుకే ఉంటుంది. చూడటానికి వచ్చిన దానికి వీపు తిప్పి నిలబడ్డాము. సజ్దాలో నుదుటికి రాయి చల్లగా తగిలింది. సలాము చెప్పేసరికి ఎదుటి బండల మీది గడ్డిపరకలు విడివిడిగా కనిపిస్తున్నాయి.

6 గంటల 40 నిమిషాలు దాటాక సూర్యుడు వచ్చాడు, ఎర్రగా, కిరణాలు లేకుండా, చూడగలిగేటట్లు. దూరాన నాగోలు నుంచి వచ్చే మెట్రో రైలు ఆ కాంతిలో ఒక మెరుపుగీతలా కదిలింది. ఉత్తరాన మౌలాలీ గుట్ట బోడితల గులాబీ రంగుకు తిరిగింది. ఆ సమయంలో నమాజు చేయరాదు. ఈటె ఎత్తు పైకి వచ్చేదాకా ఆగాలన్న పాఠాన్ని పిల్లలు తమంతట తామే గుర్తు చేసుకొని, ఈటె ఎంత ఎత్తుండేదో అని వాదులాడుకుంటూ ఇష్రాఖ్ దాకా ఆగారు. పాఠశాలలో ఆ మాట మీద ఇంత సేపు ఎవ్వరూ మాట్లాడి ఉండరు.

దిగేటప్పుడు నిజామియా వేధశాల సంగతి చెప్పాము. 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన ఆ వేధశాల 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చింది. ఆకాశమంతటినీ ఛాయాచిత్రాల్లో పటంగా గీయాలని ప్రపంచ దేశాలు పంచుకున్న పనిలో హైదరాబాదుకూ ఒక భాగం దక్కింది. బేగంపేట నుంచి ఇక్కడివారు లక్షలాది నక్షత్రాల స్థానాలను కొలిచి పట్టికలు వేశారు. తరువాత నగరం పెరిగింది, దీపాలు పెరిగాయి. పెద్ద దూరదర్శినిని నగరం విడిచి జాపాల-రంగాపూర్ గుట్టల మీదికి తీసుకుపోవలసి వచ్చింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచే పరిశీలించారు. ఇక్కడ తోడేలు తోకను వెతికి ఓడింది మేమొక్కరమే కాదన్నమాట.

ఆర్ట్స్ కళాశాల ముందుకు వచ్చేసరికి నడకకు వచ్చినవారితో దారులు నిండాయి. గులాబీ ఛాయ గల అదే నల్లరాయి ఇక్కడ తీర్చిదిద్దబడి నిలిచింది. 1934లో శంకుస్థాపన, 1939 డిసెంబరు 4న ప్రారంభోత్సవం జరిగాయి. బెల్జియం శిల్పి జాస్పర్ రూపకల్పనలో మన కమాను, అజంతా ఎల్లోరాల స్తంభమూ ఒకే గోడలో ఇమిడాయి. ఒక భారతీయ భాషలో, ఉర్దూలో, ఉన్నత విద్యంతా బోధించిన తొలి విశ్వవిద్యాలయమిది. దాని కోసం 1917లోనే అనువాద శాఖ ఏర్పడింది.

ఈ విశ్వవిద్యాలయపు విద్యార్థే డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్. 1908లో హైదరాబాదులో జన్మించారు, జామియా నిజామియాలోనూ ఇక్కడా చదివారు. బాన్, సోర్బాన్‌లలో డాక్టరేట్లు పొందారు. పారిస్‌లో దశాబ్దాలు గడిపి ఫ్రెంచిలోకి ఖుర్‌ఆన్‌ను అనువదించారు. హమ్మామ్ ఇబ్ను మునబ్బిహ్ సహీఫాను వెలికితీసి ప్రకటించారు. వేసవిలో సరిగా రాత్రే పడని ఉత్తర దేశాల ముస్లింల రోజా, నమాజుల గురించి కూడా ఆయన ఆలోచించారు. 45 డిగ్రీల అక్షాంశానికి అవతల ఉన్నవారు 45 డిగ్రీల దగ్గరి వేళలనే పాటించవచ్చునని సూచించారు. పండితులందరూ దీన్ని అంగీకరించలేదు, అది వేరే చర్చ. మా పిల్లలను ఆకట్టుకున్నది మరొకటి. మదరసాలో చదివినవాడు అక్షాంశాల లెక్క కూడా చేయవచ్చునా అని ఒకడు అడిగాడు. ఈ ప్రాంగణంలో చేసినవాడి పేరే చెబుతున్నాము గదా అన్నాము.

తార్నాకలో ఇడ్లీ తిని, చాయ్ తాగుతూ ఒక ఏర్పాటు చేసుకున్నాము. సెలవులకు ఇళ్ళకు వెళ్ళినప్పుడు, పల్లెల నుంచి వచ్చిన ఏడుగురూ మిద్దెల మీది నుంచి వేకువను చూసి రాయాలి. ఊరు, తేదీ, చంద్రుడు ఉన్నాడా లేడా, మబ్బు ఉందా, నిలువు వెలుగు కనిపించిందా, అడ్డు తెలుపు ఏ నిమిషాన. ఒక్క రోజు చూపు చాలదు, కనీసం పది రోజులు కావాలి. ఫోనును గడియారంగా మాత్రమే వాడాలి, ముందుగా ఆప్ తెరవకూడదు.

నారాయణపేట విద్యార్థి హోటలు బల్ల మీదే గీతలు గీసి పట్టిక తయారు చేశాడు. చివర ఒక గడి అదనంగా వేసి, దాని పైన "నానమ్మ చెప్పిన వేళ" అని రాసుకున్నాడు.